గంటకు మూడు మైళ్లు: ఇంగ్లండు కాలువలో వారం రోజులు పడవ నడపడం ఎలా

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు లాకు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో సరిపెట్టుకోలేదు, పడవలనూ మోశాయి. నీటిమట్టం మారే చోట తలుపులు పెట్టి లాకులు కట్టారు. సరుకు పడవలు ఎప్పుడో ఆగిపోయాయి, లాకు అన్న మాట మాత్రం బస్సు దిగే చోటు పేరుగా మిగిలింది. "లాకుల దగ్గర ఆపండి" అని కండక్టరుకు చెబుతూ పెరిగాను. లాకు తలుపుకు వీపు ఆనించి నెట్టి పడవను పైకెక్కించే పని చేతికొచ్చింది మాత్రం ఇంగ్లండులో, నలభై దాటాక.

రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి నేనూ మా ఆవిడా. రెండోసారి మా అత్తగారు కూడా వచ్చారు. మొదటి ప్రయాణం ఫొటోల్లో వంతెనలున్నాయి, రెండోదాంట్లో మనుషులున్నారు. ఎందుకిలా జరిగిందని ఆలోచిస్తే చివరికి లెక్కలో తేలింది: రెండోసారి రోజుకు రెండు గంటలు తక్కువ నడిపాం. ఈ మార్గదర్శి అంతా ఆ రెండు గంటల చుట్టూనే తిరుగుతుంది.

1. కాలువను ఎంచుకోవడం

ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 2,000 మైళ్ల కాలువలూ నదీమార్గాలూ 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ చేతిలో ఉన్నాయి. 1761లో బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు తన బొగ్గుగనుల నుంచి మాంచెస్టర్ వైపు కాలువ తవ్వించాడు, దాంతో ఊళ్లో బొగ్గు ధర సగానికి పడిపోయింది. అది చూసి డబ్బున్న ప్రతివాడికీ కాలువ పిచ్చి పట్టింది. ఖర్చూ నీళ్లూ కలిసొస్తాయని చాలాచోట్ల లాకులను 7 అడుగుల వెడల్పుతోనే కట్టారు. అందుకే ఇక్కడి పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉంటుంది. రైలుపెట్టెను రెండు పక్కలా చెక్కేసి నీళ్లలో వదిలినట్టు కనిపిస్తుంది. న్యారోబోట్ అంటారు. అద్దెకు తీసుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. ఆ మాట విని మా అత్తగారు కాసేపు నమ్మలేదు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను లాంగోలెన్ కాలువనే చెబుతాను. ఇంగ్లండులో నాంట్‌విచ్ దగ్గర హర్ల్‌స్టన్‌లో మొదలై వేల్స్ కొండల్లోకి 46 మైళ్లు వెళుతుంది, 21 లాకులు. ఈ కాలువకు ఒక చిత్రమైన గుణం ఉంది: ఇది పారుతుంది. మామూలుగా ఇంగ్లండు కాలువల్లో నీళ్లు చెరువులో ఉన్నట్టు నిలకడగా ఉంటాయి. ఇక్కడ మాత్రం పై చివర హార్స్‌షూ ఫాల్స్ అనే ఆనకట్ట దగ్గర డీ నది నీళ్లు కాలువలోకి దిగి, కింది చివర హర్ల్‌స్టన్ జలాశయానికి తాగునీరుగా చేరతాయి. 1944లో చట్టం చేసి పడవల కాలువగా దీన్ని మూసేశారు. తాగునీటి పుణ్యమా అని పూడ్చకుండా వదిలేశారు. ఇప్పుడు దేశంలో అన్నిటికంటే రద్దీగా ఉండే విహార కాలువల్లో ఇదొకటి.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా కాలం అనుకూలం. చలికాలంలో మరమ్మతులకు లాకులు మూస్తారు. ఆగస్టులో బడి సెలవులు కాబట్టి అద్దె ఎక్కువ, లాకుల దగ్గర వరసా ఎక్కువ. నాకు మే నెల ఇష్టం. గట్ల వెంట ముళ్లకంచెలు తెల్లటి పూలతో నిండిపోతాయి, బాతులు పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతాయి, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుంటుంది. రెన్‌బరీ, విట్‌చర్చ్, చర్క్, ట్రెవర్‌లలో పడవలు అద్దెకు దొరుకుతాయి. రెన్‌బరీకీ విట్‌చర్చ్‌కీ క్రూ అనే ఊరి నుంచి రైలుంది.

2. లెక్క వేయడం, తరవాత దాన్ని తగ్గించడం

వేగానికి పరిమితి గంటకు 4 మైళ్లు. నిజంగా నడిచేది 3. కట్టి ఉన్న పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు అంతకంటే నెమ్మది, ఎందుకంటే మీ అలకు వాళ్ల తాళ్లు తెగలాగుతాయి, పొయ్యి మీద గిన్నె కదులుతుంది. పడవలవాళ్ల లెక్క తేలిక: మైళ్లూ లాకులూ కూడి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి.

రెన్‌బరీ నుంచి లాంగోలెన్ ఊరు దాదాపు 39 మైళ్లు, 12 లాకులు. మొత్తం 51, మూడో వంతు 17 గంటలు. రానూపోనూ 34. ఎదురు ప్రవాహంలో వెళ్లేటప్పుడు ఇంకో రెండు మూడు గంటలు వేసుకోండి. వారం అద్దె అన్నా చేతికొచ్చేవి ఆరు రోజులే. మొదటిరోజు పడవ ఇచ్చేసరికి మధ్యాహ్నం అవుతుంది, చివరిరోజు పొద్దున్నే అప్పజెప్పాలి. అంటే రోజుకు ఆరు గంటలు చుక్కాని దగ్గర నిలబడాలి. మొదటిసారి మేం చేసింది ఇదే. అడ్డొచ్చిన ప్రతి మనిషీ ఆలస్యంగానే కనిపించాడు. గ్రిండ్లీ బ్రుక్ అనే చోట లాకుల వరస ఉంది, అక్కడ ఒక పెద్దాయన ఆ లాకుల కథ చెప్పబోతుంటే నేను గడియారం చూసుకున్నాను. ఆయన గమనించి మాట మార్చాడు. ఇప్పటికీ ఆ కథేమిటో తెలియదు.

రెండోసారి విట్‌చర్చ్ నుంచి బయల్దేరాం. అక్కడి నుంచి లాంగోలెన్ దాదాపు 31 మైళ్లు, రెండే లాకులు. రానూపోనూ 22 గంటలు, రోజుకు నాలుగు గంటల లోపు. కానీ లాకులు తగ్గితే మనుషులూ తగ్గుతారు కదా? నిజమే. అందుకే మొదటిరోజు లాంగోలెన్ వైపు తిరగకుండా, వెనక్కి గ్రిండ్లీ బ్రుక్‌కు వెళ్లి లాకులు దిగి, అవతల పొలాల మధ్య పొవీస్ లాకు దాకా పోయి, రాత్రి అక్కడే ఆగి, మర్నాడు మళ్లీ ఎక్కాం. దూరం పెద్దగా లేదు, ఒక రోజు మొత్తం పట్టింది. లెక్కలో ఏమీ కలవని ఆ రోజునే మా ఇంట్లో ఎక్కువగా చెప్పుకుంటాం. మీరు ఏ మార్గం ఎంచుకున్నా లెక్కకు వచ్చిన గంటల్లోంచి మూడో వంతు కొట్టేసి, అంత దగ్గరలోనే వెనక్కి తిరగండి. తిరగడానికి కాలువ గట్టును అక్కడక్కడా లోపలికి తొలిచి మలుపు గుంటలు చేశారు. 60 అడుగుల పడవ మరోచోట తిరగదు కాబట్టి వాటిని ముందే పటంలో గుర్తుపెట్టుకోండి.

విట్‌చర్చ్ గోపుర గడియారాల తయారీకి పేరుపడ్డ ఊరు. అలాంటి చోట వాచీ తీసి సంచిలో పడేయడం బాగుంటుంది.

3. పడవా, సామానూ

ఇద్దరికి 45 అడుగుల పడవ చాలు, నలుగురికి 57 నుంచి 60. పొడవైతే హాయి అనుకోకండి, మలుపుల్లో ప్రతి అడుగూ తెలుస్తుంది. చక్రాల పెట్టెలు వద్దు, పెట్టడానికి చోటుండదు. మెత్తటి సంచులు తెచ్చుకోండి. అడుగు జారని బూట్లు, వానకోటు, చేతితొడుగులు, టార్చిలైటు ఉంటే మిగతావి పడవలో ఉంటాయి. లైఫ్ జాకెట్లు వాళ్లే ఇస్తారు. పిల్లలకు వేసితీరాలి. ఈత రానివాళ్లకూ అంతే.

వంటగది విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు సగం పరిచయాలు దాని వల్లే అయ్యాయి. సిలిండరు గ్యాసు పొయ్యి ఉంటుంది, చిన్న ఫ్రిజ్ ఉంటుంది. మిక్సీ మీద ఆశ పెట్టుకోకండి. పొడులూ పచ్చళ్లూ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకోవాలి. మా అత్తగారు పులిహోర పులుసు ఉడికించి సీసాలో పోసి తెచ్చారు, ఉప్మా రవ్వ వేయించి తెచ్చారు, మజ్జిగ మిరపకాయలు సరే సరి. పక్క కిటికీ తీసి ఇంగువ పోపు వేస్తే ఆ వాసన గట్టు వెంట వంద గజాలు పోతుంది. గట్టుబాట మీద కుక్కను తిప్పుతున్న మనిషి ఆగుతాడు. ఏం వండుతున్నారని అడుగుతాడు. ఒక చిన్న గిన్నె, ఒక చెంచా అదనంగా కిటికీ దగ్గరే పెట్టుకోండి. పోపు వేసేటప్పుడు మాత్రం పడవ కట్టేసి ఉండాలి. మొదటి ప్రయాణంలో నేను లాకు గోడకు తగిలించినప్పుడు సాంబారు గిన్నె నేలపాలైంది, ఆ సాయంత్రం పడవలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

4. మొదటి గంట

పడవ ఇచ్చేవాళ్లు గంటసేపు అన్నీ చూపిస్తారు. తల ఊపకుండా ప్రతిదీ మీ చేత్తో ఒకసారి చేయండి: ఇంజను ఆన్ చేయడం, పొద్దున్నే నూనె చూడడం, నీళ్ల ట్యాంకు మూత తీయడం, నీళ్లలో తిరిగి పడవను నెట్టే పంకాకు చుట్టుకున్న చెత్త తీసే కంత తెరవడం. ఈ చివరి పనికి ముందు ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి. అందులో రాజీ వద్దు.

చుక్కాని పిడి ఎటు నెడితే పడవ ముక్కు అటుకాదు, ఇటు తిరుగుతుంది. ఇది చెబితే అర్థమవుతుంది, చేతికి అర్థమవడానికి ఒక పూట పడుతుంది. పడవ నడుము దగ్గర ఇరుసుమీద ఉన్నట్టు తిరుగుతుంది కాబట్టి ముక్కును చూస్తూనే వెనుక భాగాన్నీ కనిపెట్టుకోవాలి. బ్రేకులుండవు. ఆపాలంటే వెనక్కి గేరు వేసి, ఇరవై టన్నుల దాకా బరువుండే ఇనుము మనసు మార్చుకునేదాకా ఓపిక పట్టాలి. ఎదురుగా పడవ వస్తే మీరు కుడివైపు జరగండి. వంతెన కింద, మలుపుల్లో ముందే హారన్ కొట్టండి. గాలాలు వేసుకుని కూర్చున్నవాళ్లు కనిపిస్తే నెమ్మదించి కాలువ మధ్యలోనే పోండి. వాళ్ల పొడవాటి గాలపు కర్రలు చివరి క్షణం దాకా అడ్డంగానే ఉంటాయి, పడవ ముక్కు ముట్టుకోబోయే ముందు లేస్తాయి. అది వాళ్ల పంతం. కంగారు పడకండి.

నడిపేటప్పుడు అందరూ వెనక భాగంలో గుమికూడకుండా ఒకరు గట్టుబాట మీద నడవండి. ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగిన బాట అది. పాత వంతెనల అంచుల్లో తాళ్ల రాపిడికి పడ్డ గాడులు వేలు పట్టేంత లోతున ఉంటాయి. నడిచే మనిషి వేగం పడవ వేగం ఒకటే, ఇంకా చెప్పాలంటే మనిషిదే ఎక్కువ. దీని ఫలితం ముందు ముందు చెబుతాను.

5. లాకు ఎక్కడం

లాకు అంటే రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి. పడవ కింది నుంచి పైకి పోతోందనుకుందాం. తొట్టి ఖాళీగా, అంటే కింది నీళ్ల మట్టంలో ఉండాలి. నిండి ఉంటే ముందు పైనుంచి ఎవరైనా వస్తున్నారేమో చూడండి. వస్తుంటే వాళ్లను రానివ్వండి. ఒక్కో తొట్టికి సుమారు లక్ష లీటర్ల నీళ్లు ఖర్చు, ఊరికే వదిలేయకూడదు. మర్యాదకు మర్యాద, నీళ్లకు నీళ్లు.

కింది తలుపులు తీసి పడవను లోపలికి పోనివ్వండి. రెండు పక్కలా కలిపి రెండు అంగుళాలే సందు, అయినా పోతుంది. తలుపులు మూసి, కింది తూము పలకలు దించేయండి. ఇక పైకి వెళ్లి విండ్‌లెస్ అందుకోండి. ఎల్ ఆకారంలో ఉండే ఇనుప పిడి అది, ఈ వారమంతా మీ నడుముకు దోపుకుని తిరగాల్సిన పనిముట్టు. దాన్ని ఇరుసుకు తగిలించి తిప్పితే పై తూము పలక లేస్తుంది. పక్కనున్న పంటి కొక్కెం ఒక్కో పంటికీ టకటకమంటూ పడుతుంది. ముందు సగమే ఎత్తండి. అడుగునుంచి నీళ్లు పొంగుకొచ్చి పడవ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అది నిదానించాక మిగతా సగం ఎత్తండి. పిడిని ఇరుసు మీద వదిలి వెళ్లకండి. కొక్కెం జారితే అది గిర్రున తిరిగి చెయ్యి విరిచేస్తుంది.

నీళ్లు సమం కాకముందు తలుపును ఎంత నెట్టినా కదలదు. సమమయ్యాక తలుపు నుంచి గట్టు మీదికి చాచి ఉన్న దూలానికి వీపు ఆనించి, కాళ్లు తన్నిపెట్టి నిలబడితే దానంతటదే ఒప్పుకుంటుంది. దూలం వెనక కాళ్ల ఊతం కోసం ఇటుకలు ఎత్తుగా పేర్చి ఉంటాయి. మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. పసుపుపచ్చ నూలు చీర మీద స్వెటరు వేసుకుని, కొంగు బిగించి, "మీరిద్దరూ తప్పుకోండి, ఇది రోలు కదిలించినట్టే" అంటూ ఒక్కరే గ్రిండ్లీ బ్రుక్‌లో ఒక తలుపు తెరిచారు. గట్టు మీద కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కాలువ పక్కన పని లేకుండా నిలబడి పడవల్ని చూసేవాళ్లకు ఇంగ్లీషులో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, గాంగూజ్లర్ అని. మన దగ్గర జేసీబీ గుంట తవ్వుతుంటే చుట్టూ చేరేవాళ్లకు అలాంటి మాట లేకపోవడం లోటే.

దిగేటప్పుడు ఒక ప్రమాదం ఉంది, దీన్ని రెండుసార్లు చదవండి. పై తలుపు కింద తొట్టిలోకి పొడుచుకొచ్చిన రాతి మెట్టు ఒకటి ఉంటుంది, సిల్ అంటారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. నీళ్లు దిగుతుంటే పడవ వెనుక భాగం దాని మీద చిక్కుకుని, ముందు భాగం కిందికి పోయి పడవ మునిగిపోతుంది. గోడ మీద తెల్లటి గీత గీసి ఉంటుంది. నీళ్లు వదిలినంతసేపూ పడవ వెనుక భాగం ఆ గీతకు ముందే ఉండాలి. చుక్కాని దగ్గరున్న మనిషి ఫోను చూడకూడదు. తేడా వస్తే అరిచి వెంటనే కింది తూములు మూసేయాలి.

గ్రిండ్లీ బ్రుక్‌లో ఆరు లాకులున్నాయి. పై మూడూ మెట్ల లాకులు, ఒకదాని పై తలుపే తరవాతిదానికి కింది తలుపు. తప్పు తూము ఎత్తితే గట్టు మీదికి నీళ్లొస్తాయి. సీజనులో స్వచ్ఛందంగా పనిచేసే లాకు కాపలాదారులు ఉంటారు, వాళ్లు చెప్పినట్టు చేస్తే చాలు. ఆగస్టులో అక్కడ గంటా రెండు గంటలు వరసలో ఉండాల్సి రావచ్చు. విసుక్కునేవాళ్లు పడవ బదులు కారు అద్దెకు తీసుకోవాల్సింది.

6. మాట కలపడం

లాకు నిండడానికి పది నిమిషాలు పడుతుంది. అటు పక్క దూలానికి ఆనుకుని ఒకరు, ఇటు పక్క ఒకరు. చేయడానికి పనేమీ లేదు, వెళ్లిపోవడానికీ లేదు. తెలియని మనిషితో ఇంత హాయిగా మాట్లాడే ఏర్పాటు నేనింకెక్కడా చూడలేదు. నీళ్లు నిండగానే మాట దానంతటదే ముగుస్తుంది, "ఇక ఉంటానండీ" అనడానికి తడుముకోనక్కర్లేదు. ముఖమాటస్తులకు ఇంతకంటే మంచి చోటు లేదు.

మొదటి మాట వాతావరణం గురించి కాదు. ఇక్కడ చెల్లేది వార్త. "పై లాకు ఖాళీగా ఉంది, మేం ఇప్పుడే దిగి వచ్చాం", "రెండు వంతెనల అవతల చెట్టు కొమ్మ పడి ఉంది, ఎడమగా పోండి", "నీళ్ల కుళాయి దగ్గర ముగ్గురున్నారు". మీ దగ్గరా ఇలాంటివి పోగవుతాయి, ఎదురొచ్చినవాళ్లకు ఇవ్వండి. ఇస్తే వాళ్లు ఆగుతారు. పడవల్లోనే కాపురం ఉండేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను మీ ఇల్లెక్కడని అడగకండి, ఎదురుగా కనిపిస్తున్నది ఇల్లే. "ఎటు వెళుతున్నారు" అంటే చాలు. కిటికీల్లోంచి లోపలికి తొంగిచూడడం, అడక్కుండా పైన కాలు పెట్టడం తప్పు. మీ పేరు ఎవరికీ గుర్తుండదు, పడవ పేరే మీ పేరు.

పొవీస్ లాకు దగ్గర వాన పడుతోంది. ఎదురుగా ఒంటరిగా పడవ నడుపుకుంటూ ఒక పెద్దావిడ వచ్చింది, డెబ్బై దాటి ఉంటాయి. పడవ పైకప్పు మీద తడిసిన కుక్క. ఒంటరిగా లాకు దాటడమంటే పడవ ఆపి, కట్టి, తలుపు తీసి, మళ్లీ ఎక్కి, అరగంట పని. మేం ముగ్గురం ఉన్నాం కాబట్టి ఆమెను పడవలోంచి దిగనివ్వలేదు. నీళ్లు దిగుతుండగా ఆమె యుద్ధకాలం సంగతి ఒకటి చెప్పింది. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్లు లేక, సరుకు పడవల మీద ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి నడిపించారు. వాళ్ల బ్యాడ్జి మీది ఐ, డబ్ల్యూ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు లోతట్టు జలమార్గాలకు (ఇన్‌లాండ్ వాటర్‌వేస్) గుర్తు. జనం వాటిని ఐడిల్ విమెన్, అంటే సోమరి ఆడవాళ్లని విడదీసి వెక్కిరించారు. రోజుకు పద్దెనిమిది, ఇరవై గంటలు పనిచేసిన పిల్లల్ని! నేను తెలుగులో చెబితే మా అత్తగారు తూము పలక వంక చూస్తూ, "ఏ ఊళ్లో అయినా అంతే బాబూ" అన్నారు. తరవాత లోపలికి వెళ్లి, వేయించిన మజ్జిగ మిరపకాయలు నాలుగు కాగితంలో చుట్టి తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. ఒకటి కొరికి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది, రెండోది కూడా తినేసింది. కుక్కకు పెట్టలేదు. మాకు అరడజను గుడ్లు ఇచ్చి వెళ్లింది. మా అత్తగారు గుడ్లు తినరు, ఆ సంగతి చెప్పకుండా తీసుకున్నారు.

మూడోరోజు ఎల్స్‌మియర్ దాటాక ఒక వంతెన మీంచి ఎవరో వంగి, "పసుపు చీరావిడ మీ పడవలోనేనా?" అని అడిగారు. గ్రిండ్లీ బ్రుక్‌లో చూసిన నడకవాళ్లెవరో మాకంటే ముందు అక్కడికి చేరి చెప్పేశారన్నమాట. నడిచే మనిషి వేగం ఎక్కువని ఇందాక అన్నది ఇందుకే.

7. రాత్రి ఆగడం, నీళ్లు, ఆ గది

అద్దె పడవలు చీకట్లో నడపకూడదు. సాయంత్రం ఐదుకల్లా చోటు చూసుకోండి. గట్టుబాట ఉన్న వైపు చాలాచోట్ల ఉచితంగా కట్టుకోవచ్చు, బోర్డు మీద ఎన్ని గంటలో రాసి ఉంటుంది. లాకుల ముంగిట, వంతెనల కింద, మలుపుల్లో, నీళ్ల కుళాయి దగ్గర మాత్రం కట్టకండి. గట్టుకు ఇనుప అంచు ఉంటే కొక్కేలు, మట్టి గట్టయితే సుత్తితో రెండు ఇనుప మేకులు దిగ్గొట్టాలి. మేకు మీద తెల్లటి సంచి ఏదైనా కడితే చీకట్లో నడిచేవాళ్లు తట్టుకోరు. తాళ్లు మరీ బిగించకండి, నీళ్లు రెండంగుళాలు తగ్గినా పడవ ఒరుగుతుంది.

నా ఓటు ఎల్స్‌మియర్ ముందు బ్లేక్ మియర్‌కు. కాలువకూ సరస్సుకూ మధ్య సన్నటి గట్టూ చెట్లూ తప్ప ఏమీ ఉండవు. పొద్దున్న బూడిదరంగు కొంగ ఒకటి మా పడవ ముందు నిలబడి, దగ్గరికొస్తే కాస్త ముందుకు ఎగిరి వాలి, మళ్లీ దగ్గరికొస్తే మళ్లీ ఎగిరి, ఒక మైలు దారి చూపించింది. లకుముకి పిట్ట అయితే ఒక్క నీలి గీతే, చెయ్యి చూపించేలోపు ఉండదు.

నీళ్లు రోజూ నింపండి, ట్యాంకు నిండడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట కూడా పరిచయాల వేళే. మరుగుదొడ్డి ట్యాంకు సామర్థ్యం ముందే అడిగి తెలుసుకోండి. ఇంతకుమించి రాయను.

8. ఆకాశంలో కాలువ

చర్క్ దగ్గర 1801లో కట్టిన జలవంతెన, అంటే కాలువనే మోసే వంతెన మీద ఇంగ్లండు అయిపోయి వేల్స్ వస్తుంది. పక్కనే ఇంకా ఎత్తుగా రైలు వంతెన ఉంటుంది. వెంటనే 459 గజాల సొరంగం. ముందు దీపం వెలిగించి, అవతలి చివర ఇంకో దీపం లేదని చూసుకుని ప్రవేశించండి. ఒక పడవే పడుతుంది. ప్రవాహం ఎదురు కాబట్టి ముక్కుతూ మూలుగుతూ పోతుంది.

తరవాత పాంట్‌కసల్టె జలవంతెన. థామస్ టెల్ఫర్డ్, విలియం జెస్సప్ కట్టింది, 1805లో ప్రారంభమైంది, 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. డీ నది మీద 126 అడుగుల ఎత్తున, 1,007 అడుగుల పొడవున ఇనుప తొట్టి. ఒక పక్క నడకదారీ కమ్మీలూ ఉంటాయి. రెండో పక్క ఏమీ ఉండదు, నీళ్లపైన అరచేయెడు ఇనుప అంచు, దాని అవతల గాలి. ఎదురు పడవ లేనప్పుడే ఎక్కాలి. ఎత్తంటే భయమున్నవాళ్లు పడవ లోపల కూర్చుని నడకదారి వైపు కిటికీ చూసుకోండి. మా ఆవిడ అదే చేసింది. చుక్కాని నేను పట్టుకున్నాను, పడవ ఎటూ పోయే వీలు లేదని తెలిసీ పిడిని వదల్లేకపోయాను. అత్తగారు ముందు కూర్చుని, కింద ఆట మైదానంలో పిల్లల్ని లెక్కపెట్టారు.

అవతల ట్రెవర్ నుంచి లాంగోలెన్ దాకా కాలువ కొండ అంచున సన్నబడుతుంది, కొన్నిచోట్ల ఒక పడవే పడుతుంది. ఒకరిని ముందు నడిపించి, దారి ఖాళీగా ఉందో లేదో సైగ చేయమనండి. ఎదురుపడితే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి, ఆ ఒకరు మీరే కావడానికి సిద్ధపడి ఉంటే గొడవుండదు. బోర్డులన్నీ రెండు భాషల్లో ఉంటాయి, వెల్ష్ ముందు. "బోరె దా" అంటే శుభోదయం, "దియోల్హ్" అంటే ధన్యవాదాలు. తప్పుగా పలికినా దిద్ది, రెండోసారి అనిపించి, అప్పుడు వదులుతారు.

9. ఏదైనా తప్పితే

లోతు లేని చోట ఇసుకలో కూరుకుంటే ముందుకు దంచకండి. వెనక్కి గేరు వేసి, అందరూ లోతున్న వైపు నిలబడి, పొడవాటి కర్రతో గట్టును నెట్టండి. ఎవరైనా నీళ్లలో పడితే మొదట ఇంజనును తటస్థంలో పెట్టాలి, పంకా ఆగాలి. చాలాచోట్ల నీళ్లు నడుంలోతే, లేచి నిలబడమని చెప్పండి. పడవకూ గోడకూ మధ్య చెయ్యిగానీ కాలుగానీ అడ్డం పెట్టి ఆపాలని చూడకండి. పడవ గీసుకుపోతే రంగు వేస్తారు.

విండ్‌లెస్ కాలువలో పడేయడం మాత్రం అందరూ చేసేదే. మేం తిరుగుదారిలో న్యూ మార్టన్ రెండో లాకులో పడేశాం. దూలం మీద పెట్టి ఫొటో తీస్తుంటే బుడుంగుమంది. వెనకే వస్తున్న పడవాయన, "కంగారు పడకండి" అంటూ తాడుకు కట్టిన అయస్కాంతం తెచ్చి, చేపకు గాలం వేసినట్టు పది నిమిషాలు వేశాడు. ఏదో తగిలింది. లాగితే ఒక విండ్‌లెస్ వచ్చింది, మాది కాదు. నాచు పట్టి, తుప్పెక్కి, ఎన్నేళ్ల కిందటిదో తెలియకుండా ఉంది. మళ్లీ వేస్తే ఒక సైకిలు తాళం వచ్చింది. మాది రాలేదు. తుప్పు పట్టినదాన్నే గడ్డికి తుడిచి మా చేతిలో పెట్టి, "మీదాని కంటే ఇది అనుభవం ఉన్నది" అన్నాడు.

10. అప్పజెప్పడం

ముందురోజు రాత్రే పడవ అద్దెకిచ్చిన చోటికి గంట దూరంలోకి వచ్చేయండి. చివరి ఉదయం పొగమంచు ఉన్నా, పంకాకు గుడ్డ చుట్టుకున్నా ఆ గంట కాపాడుతుంది. గిన్నెలు కడిగి, చెత్త ఊడ్చి, దుప్పట్లు మడిచిపెట్టండి. వాడిన డీజిలుకు లెక్క చూసి డిపాజిట్‌లో సరిచేస్తారు.

మా పడవ తీసుకున్న అమ్మాయి చేతిలో అట్ట పట్టుకుని సామాను టిక్కు పెట్టుకుంటూ వచ్చింది. తాళ్లు మూడు, మేకులు రెండు, సుత్తి ఒకటి, విండ్‌లెస్‌లు రెండు. రెండోదాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. గోటితో తుప్పు గీకింది.

"ఇది మాది కాదే."

"కాదు. మీది న్యూ మార్టన్‌లో ఉంది."

"పైదాంట్లోనా, కిందిదాంట్లోనా?"

"కిందిదాంట్లో, పై తలుపు దగ్గర."

అట్ట మీద పక్కన ఏదో రాసుకుని, రెండు అన్నచోట టిక్కు పెట్టింది.